ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లోని ఒక హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో నేను క్వార్టర్‌బ్యాక్‌లకు, అంటే జట్టు దాడిని నడిపిస్తూ బంతిని విసిరే ఆటగాళ్లకు, శిక్షణ ఇస్తుంటాను. ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఈ ఆటపై ఆసక్తి ఉంది. వారి తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: చేతిలో బలముంటే చాలు, మంచి క్వార్టర్‌బ్యాక్ కావచ్చు.

వాస్తవం: బంతిని అసాధారణ దూరం విసరగల జమార్కస్ రస్సెల్‌ను 2007 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఓక్లాండ్ రైడర్స్ జట్టు అందరికంటే ముందుగా ఎంచుకుంది. 2010లో అతన్ని వదులుకుంది. ఆ తరువాత అతను అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మళ్లీ ఆడలేదు. 2000 డ్రాఫ్టులో 199వ స్థానం దాకా ఎవరూ తీసుకోని టామ్ బ్రేడీ 7 సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్ మ్యాచ్‌లు) గెలిచాడు. పైగా విసురులోని వేగం చేతితో మొదలయ్యేది కాదు. పాదాలు నేలను నొక్కినప్పుడు పుట్టిన శక్తి తుంటి, నడుముల మీదుగా భుజానికి చేరుతుంది. అందుకే మా సాధన ఎప్పుడూ పాదాల కదలికలతోనే ఆరంభమవుతుంది.

అపోహ: ఎత్తుగడ కోచ్ చెబుతాడు, క్వార్టర్‌బ్యాక్ దాన్ని అమలు చేస్తాడు, అంతే.

వాస్తవం: నా దృష్టిలో ఈ ఆటగాడికి అత్యంత అన్యాయం చేసే అపోహ ఇదే. 1994 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే రేడియో ఉంటున్న మాట నిజమే కానీ, ప్లే క్లాక్‌లో (తదుపరి ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే గడువును చూపే గడియారం) 15 సెకన్లు మిగిలి ఉండగానే ఆ సంబంధం తెగిపోతుంది. అక్కడి నుంచి నిర్ణయాలన్నీ అతనివే. ప్రత్యర్థి డిఫెన్స్‌లో వెనుక లోతుగా నిలబడిన సేఫ్టీ ఒక్కడా, ఇద్దరా, తన మీదికి దూసుకువచ్చేది ఎవరు, తన ముందు వరుసలో రక్షణగా నిలిచే లైన్‌మెన్ ఏ వైపు కాపు కాయాలి అన్నవి గమనించి, అవసరమైతే కోచ్ చెప్పిన ఎత్తుగడనే మార్చి, ప్రేక్షకుల హోరులో మిగతా పదిమందికీ ఆ మార్పు తెలియజేయాలి. స్నాప్ అయిన, అంటే బంతి తన చేతికి అందిన, మరుక్షణం, అంతవరకు ఇద్దరు సేఫ్టీలను వెనుక నిలిపిన డిఫెన్స్ ఒకరిని ముందుకు పంపి మొత్తం రూపాన్నే మార్చేయవచ్చు. చేతిలో ఉన్న సమయం సుమారు మూడు సెకన్లు. బంతిని అందుకోవలసిన రిసీవర్ తన వైపు తిరగకముందే, అతను చేరబోయే చోటికి బంతి బయలుదేరాలి. విసిరిన వెంటనే దెబ్బ తగులుతుందని తెలిసీ చూపును రిసీవర్ల మీదే నిలపాలి.

ఆదివారం మ్యాచ్‌లో కనిపించే ఈ మూడు సెకన్ల వెనుక వారమంతా సాగే చదువుంది. చాలా జట్లలో బుధవారం మొదటి, రెండవ డౌన్ల (బంతిని ముందుకు తీసుకెళ్లే ప్రయత్నాల) ఎత్తుగడలు, గురువారం మూడవ డౌన్, శుక్రవారం ప్రత్యర్థి గోల్‌కు చేరువైనప్పుడు ఆడే ఆట సాధన చేస్తారు. మైదానంలో గడిపే సమయం కంటే వీడియోలు చూస్తూ గడిపే సమయమే ఎక్కువ.

అపోహ: ఎత్తు తక్కువైతే ఈ స్థానం దక్కదు.

వాస్తవం: ఎత్తు ఉపయోగపడుతుంది, తప్పనిసరి మాత్రం కాదు. సుమారు 6 అడుగుల డ్రూ బ్రీస్, 5 అడుగుల 11 అంగుళాల రసెల్ విల్సన్ ఇద్దరూ సూపర్ బౌల్ గెలిచారు. ఇటువంటి ఆటగాళ్లు లైన్‌మెన్ తలల మీదుగా కాక, వారి మధ్య ఏర్పడే సందుల్లోంచి చూసి విసరడం నేర్చుకుంటారు.

అపోహ: మొదటి ఏడాదే ఆడించకపోతే భవిష్యత్తు లేనట్టే.

వాస్తవం: 2005లో ఎంపికైన ఆరన్ రోజర్స్ మూడేళ్లు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ వెనుక వేచి ఉన్నాడు. 2017లో ప్యాట్రిక్ మహోమ్స్ ఆరంభ ఆటగాడిగా దిగింది ఒక్క మ్యాచ్‌లోనే. డ్రాఫ్టులో ఎవరికీ అక్కరలేని కర్ట్ వార్నర్ అయోవాలోని కిరాణా దుకాణంలో అరలు సర్దే పని చేసి, అరీనా ఫుట్‌బాల్ (ఇండోర్‌లో చిన్న మైదానంలో ఆడే రూపం) ఆడి, 1999లో జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ గాయపడటంతో వచ్చిన అవకాశంతో అదే సీజన్‌లో సూపర్ బౌల్ గెలిచాడు. 2022 డ్రాఫ్టులో చిట్టచివరి, అంటే 262వ ఎంపిక అయిన బ్రాక్ పర్డీ కూడా తనకంటే ముందున్నవారి గాయాల వల్లే మైదానంలోకి వచ్చాడు. అయితే వారంలో సాధన అవకాశాలు దాదాపు అన్నీ ప్రధాన ఆటగాడికే పోతాయి కనుక, వేచి ఉన్నవాడు చూసి నేర్చుకోవడం మీదే ఆధారపడాలి. ఇది చాలా కష్టమైన క్రమశిక్షణ.

అపోహ: పత్రికల్లో వచ్చే ఒప్పందం మొత్తమంతా ఆటగాడికి అందుతుంది.

వాస్తవం: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చాలా ఒప్పందాలకు పూర్తి హామీ ఉండదు. చూడవలసింది హామీ ఇచ్చిన భాగాన్నే. క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ 2018లో వాషింగ్టన్ జట్టుతో నాలుగేళ్లకు 9.4 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు, అందులో హామీ ఉన్నది 7.1 కోట్లకు. ఆ నవంబరులోనే కుడికాలి ఎముకలు విరిగి, గాయానికి ఇన్ఫెక్షన్ సోకి, కాలు తీసేయవలసి వస్తుందేమో అన్నంత దూరం వెళ్లింది. 17 శస్త్రచికిత్సల తరువాత 2020 అక్టోబరులో తిరిగి మైదానంలో దిగాడు. ఒప్పందంలో ఇంకా కాలం మిగిలి ఉండగానే 2021 మార్చిలో జట్టు అతన్ని విడుదల చేసింది, మరుసటి నెలలో అతను ఆట నుంచి విరమించుకున్నాడు.