కెమికల్ పేటెంట్ల సెర్చ్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో పేటెంట్ సెర్చ్ పని చేస్తుంటాను. కాకతీయ యూనివర్సిటీ, ఎన్‌ఐటీ పిల్లలు ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు "ఈ కాంపౌండ్ కొత్తదేనా సార్?" అని అడుగుతుంటారు. అప్పుడు తరచూ వినపడే మాటలివి.

అపోహ: గూగుల్ పేటెంట్స్‌లో పేరు కొట్టాం, ఏమీ రాలేదు. కాబట్టి కొత్తదే.

వాస్తవం: కెమిస్ట్రీలో పేరును నమ్ముకోకూడదు. పారాసిటమాల్‌నే చూడండి. ఒక పేటెంట్‌లో ఎసిటమినోఫెన్, ఇంకోదాంట్లో పారా-ఎసిటమిడోఫినాల్, మరోచోట 4-హైడ్రాక్సీ ఎసిటనిలైడ్ అని ఉంటుంది. కొన్నిసార్లు స్ట్రక్చర్ బొమ్మ తప్ప పేరే ఉండదు. అందుకే స్ట్రక్చర్ గీసి వెతకాలి.

అసలు చిక్కు మార్కుష్ క్లెయిములది (క్లెయిమ్ అంటే పేటెంట్‌లో దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం). 1924లో అమెరికాలో పేటెంట్ పొందిన యూజీన్ మార్కుష్ పేరు మీద వచ్చిన పద్ధతి ఇది. స్ట్రక్చర్‌లో మారే చోటుకు ఆర్1 లాంటి గుర్తు పెట్టి, ఆర్1 అంటే హైడ్రోజన్, మిథైల్ లేదా క్లోరిన్ అంటూ ప్రతి స్థానానికీ ఒక జాబితా ఇస్తారు. మూడు స్థానాల్లో పదేసి గ్రూపులుంటే ఒక్క క్లెయిమ్‌లోకే 1000 కాంపౌండ్లు వస్తాయి. మీ కాంపౌండ్ పేరు ఎక్కడా రాయకపోయినా అందులో ఉండొచ్చు. నన్నడిగితే, క్లెయిములు చదవని సెర్చ్ సెర్చే కాదు.

అపోహ: డబ్బులు కట్టే డేటాబేస్ లేకపోతే ఏమీ చేయలేం.

వాస్తవం: చాలా చేయొచ్చు. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) వారి పేటెంట్‌స్కోప్‌లో ఉచితంగా అకౌంట్ తెరిచి స్ట్రక్చర్‌తో వెతకొచ్చు. ష్యూర్‌కెంబల్ అనే డేటాబేస్ కూడా ఉచితమే. అయితే అందులో కాంపౌండ్లను పేటెంట్ల నుంచి మెషిన్ తీస్తుంది, స్కానింగ్ సరిగా లేని పాత పేజీల్లో కొన్ని జారిపోతాయి. డబ్బులు కట్టే సైఫైండర్‌లో కాంపౌండ్లను నిపుణులు చదివి ఇండెక్స్ చేస్తారు. మార్కుష్ క్లెయిముల కోసం సైఫైండర్ నడిపే సంస్థకే మార్‌పాట్ అనే డేటాబేస్ ఉంది. మీ లైబ్రరీలో అవి ఉంటే తప్పక వాడండి.

ఏది మేలో తేల్చుకోవడానికి ప్రకటనలు చదవడం దండగ. మీ టాపిక్‌లో మీకు బాగా తెలిసిన నాలుగైదు పేటెంట్లు తీసుకోండి. వాటిలోని కాంపౌండ్లను ఒక్కో టూల్‌లో గీసి, ఆ పేటెంట్లు తిరిగి వస్తున్నాయో లేదో చూడండి. ఏ టూల్ దేన్ని వదిలేస్తోందో ఒక్క పూటలో తెలిసిపోతుంది.

అపోహ: ఇవాళ కనిపించలేదంటే టెన్షన్ లేదు.

వాస్తవం: దరఖాస్తు మామూలుగా 18 నెలల దాకా బయటికి రాదు. థీసిస్ ఇచ్చే ముందు మళ్లీ వెతకండి.

అపోహ: ఇండియాలో పేటెంట్ లేదు కాబట్టి మనం ఫైల్ చేసుకోవచ్చు.

వాస్తవం: హక్కులు ఏ దేశానికి ఆ దేశానివే. కొత్తదా కాదా అన్నది మాత్రం ప్రపంచమంతా చూసి తేలుస్తారు. జపాన్‌లో ముందే అచ్చయి ఉంటే ఇక్కడా అది పాతదే.