అనంతపురం నేల ఎలా బోసిపోయింది

జూన్ వచ్చిందంటే రాయదుర్గం వైపు గాలి లేస్తుంది. మృగశిర కార్తె మొదలు ఆగస్టు దాకా పడమటి నుంచి ఒకటే హోరు. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర వేదవతి ఏటి ఇసుక ఆ గాలికి లేచి చేల మీద పడుతుంది. గట్టు మీద గడ్డి దుబ్బు ఉంటే ముందు దాని మొదట్లో గుప్పెడు ఇసుక ఆగుతుంది. దాని వెనక ఇంకో గుప్పెడు. కొన్నేళ్లకు గట్టు పోయి దిబ్బ మిగులుతుంది.

వానలు లేకనే ఇలా అయిందని అందరూ అంటారు. అది సగం మాటే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసిపోతాయి, ఈశాన్య మేఘాలు ఇక్కడికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. ఇది తరతరాలుగా ఉన్నదే. తెలిసే మన పెద్దలు చెరువులు కట్టారు. అనంతపురం ఊరు పుట్టిందే 14వ శతాబ్దంలో విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువుల పక్కన. బుక్కరాయసముద్రం చెరువు ఈ రోజుకీ ఉంది. చెరువు కట్టినవాళ్లకు, దాని బాగోగులు చూసేవాళ్లకు దశబంధం ఇనాంగా భూమి ఇచ్చేవారు. పూడిక తీయడం, కట్టకు గండి పడితే పూడ్చడం వాళ్ల బాధ్యత.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్త మండలాలు అన్న పేరు అప్పుడొచ్చిందే. 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో హయాంలో రైతు నుంచి శిస్తు నేరుగా వసూలు చేసే పద్ధతి ఇక్కడ వేళ్లూనుకుంది. ఆ తర్వాతి కాలంలో చెరువు బాధ్యత మెల్లగా ఊరి చేతిలోంచి సర్కారు చేతికి పోయింది. మొదటి దెబ్బ అక్కడే తగిలిందని నేను నమ్ముతాను. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు, అనంతపురం కూడా కలిసి ఉన్న అప్పటి బళ్లారి జిల్లా ఘోరంగా దెబ్బతిన్నది. ఇంట్లో పెద్దవాళ్లు ఆ పేరు పలికితే గొంతు మారేది.

ఏటి కథ వేరు. వేదవతి మీద ఎగువన, చిత్రదుర్గ జిల్లాలో, మైసూరు సంస్థానం వాణీవిలాస సాగరం కట్టింది. 1907లో పూర్తయింది. మన వైపు భైరవానితిప్ప డ్యామ్ 1960ల మొదట్లో వచ్చింది. వాణీవిలాస సాగరం 1930ల తర్వాత మళ్లీ అలుగు పారింది 2022లోనే. అన్నేళ్లూ ఎగువ నుంచి వరద రాకపోతే ఏటి గర్భం తడవదు. తడవని ఇసుకను గాలి వదలదు.

అయితే దిబ్బలు కొన్ని ఊళ్లకే పరిమితం. జిల్లా అంతటినీ బోసిచేసింది మా శెనక్కాయ, అంటే వేరుశనగ. ఈ మాట చెప్పడానికి మనసు ఒప్పదు, నాలుగు డబ్బులు కళ్లజూసింది ఆ పంటతోనే. ఒకప్పుడు ఈ ఎర్ర గరుసు నేలల్లో కొర్ర, సామ, అరిక, సజ్జ, జొన్న, కంది, ఉలవ, అలసంద కలిపి వేసేవాళ్లు. ఒకటి పోయినా ఇంకొకటి నిలిచేది. కోత అయ్యాక కొయ్యకాళ్లు చేలోనే ఉండేవి, కంది ఆకు రాలి నేలను కప్పేది. నూనె మిల్లులు వచ్చాయి, ధర వచ్చింది. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది. అప్పు, ఇన్సూరెన్స్, సబ్సిడీ విత్తనం అన్నీ శెనక్కాయ చుట్టే అల్లుకున్నాయి. 2000ల నాటికి ఖరీఫ్‌లో 8 లక్షల హెక్టార్లకు అటూ ఇటూగా అదే పంట. రైతును తప్పుపట్టడం అన్యాయం, వేరే దారి ఎవరూ చూపలేదు.

శెనక్కాయ పీకేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. పదునున్న రోజు చూసి మొదలు పట్టి లాగుతారు. వేరుతో సహా మొత్తం వస్తుంది, విదిలిస్తే ఎర్రమట్టి పొడిపొడిగా రాలుతుంది. కాయ ఇంటికి, కట్టె వామికి. ఆకు, కొమ్మ, వేరు ఏదీ చేలో మిగలదు. ఇక అక్కడి నుంచి మళ్లీ విత్తే దాకా ఆరేడు నెలలు నేల ఒంటి మీద గుడ్డ లేనట్టు పడి ఉంటుంది. వేసవి గాలికి సన్నమట్టి ఎగిరిపోతుంది, మొదటి జడివానకు పైపొర కొట్టుకుపోతుంది. వానకు వానకు మధ్య బెట్ట ఎక్కువ కాబట్టి, పైపొర పోయిన నేలలో పదును నాలుగు రోజులు కూడా నిలవదు. పశువులు తగ్గి ఎరువు తగ్గింది, చేలో గొర్రెల మంద కట్టించేవాళ్లూ తగ్గారు. బోర్ల సంగతి అందరికీ తెలిసిందే. ఒకటి ఎండితే పక్కన ఇంకొకటి, అప్పు మీద అప్పు, టెన్షన్.

ఇస్రో లెక్కల ప్రకారం దేశ భూభాగంలో దాదాపు 30 శాతం ఇలా క్షీణిస్తోంది. ఎక్కడికక్కడ కారణం వేరు, కాబట్టి మందూ వేరే కావాలి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 32 ఎకరాల బీడును కాపాడుతూ మొదలుపెట్టి, చుట్టుపక్కల ఊళ్లతో కలిసి కొండలను మళ్లీ పచ్చబరిచింది. ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులు ఇప్పుడు వాన కోసం ఆగకుండా ఏప్రిల్, మే నెలల్లోనే నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద, జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం) పూత పట్టించి పొడి దుక్కిలో చల్లుతున్నారు. పైన గడ్డీ గాదం కప్పుతారు. చిన్న జల్లు పడినా మొలక వస్తుంది. జూన్ గాలి లేచేసరికి ఆ చేలో జానెడు ఎత్తున అలసంద, సజ్జ, ఉలవ ఉంటున్నాయి.