ఎనిమిది గంటలకో మాత్ర ఎందుకు?

డాక్టరు చీటీ మీద "ఎనిమిది గంటలకొకటి" అని రాస్తారు. ఆరు గంటలకో, పన్నెండు గంటలకో ఎందుకు కాదు? ఆ అంకె వెనక ఒక అవకలన సమీకరణం ఉంది. పేరు చూసి బెదరక్కర్లేదు. ఒక రాశి ఏ క్షణాన ఎంత వేగంగా మారుతోందో చెప్పేదే అవకలన సమీకరణం.

రక్తంలో చేరిన మందును కాలేయం విరగ్గొడుతూ, మూత్రపిండాలు వడకడుతూ ఉంటాయి. చాలా మందుల విషయంలో ఈ తొలగింపు వేగం ఆ క్షణాన ఉన్న మందును బట్టి ఉంటుంది. ఎక్కువుంటే ఎక్కువ పోతుంది, తగ్గేకొద్దీ పోవడమూ నెమ్మదిస్తుంది. దీన్నే ఇలా రాస్తారు:

గాఢత మారే రేటు = − క × గాఢత

'క' ఒక స్థిరాంకం. 0.693ను దానితో భాగిస్తే అర్ధాయువు, అంటే ఉన్న మందు సగానికి దిగే సమయం, వస్తుంది. పారాసిటమాల్‌కు అది రెండు మూడు గంటలు. గుండెకు వాడే డిజాక్సిన్‌కు సుమారు ఒకటిన్నర రోజు. గుండె లయ సరిచేసే అమియోడరోన్‌కు వారాలు, ఒక్కోసారి నెలలు.

అర్ధాయువు 8 గంటలున్న మందును 8 గంటలకోసారి 100 మిల్లీగ్రాములు ఇస్తున్నామనుకుందాం. లెక్క సులువు కావడానికి, వేసిన వెంటనే రక్తంలో కలిసిందనే అనుకుందాం. రెండో మాత్ర వేళకు 50 మిగులుతుంది, వేశాక 150. అది 75కు దిగాక మూడోది పడితే 175. ఆ తర్వాత 187.5. ఇలా పెరుగుతూ 200 దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి మాత్రకూ మాత్రకూ మధ్య పోయేది సరిగ్గా 100, వచ్చేదీ 100. ఈ స్థిరస్థాయికి చేరడానికి నాలుగైదు అర్ధాయువులు పడుతుంది. డిజాక్సిన్‌కైతే దాదాపు వారం. అంతవరకు ఆగలేని రోగికి మొదటే పెద్ద మోతాదు ఇస్తారు. మన ఉదాహరణలో ఒకేసారి 200 ఇస్తే మొదటి రోజే ఆ స్థాయి అందుతుంది. మాత్రకూ మాత్రకూ ఎంత ఎడం ఉండాలో తేల్చేటప్పుడు అర్ధాయువుతోపాటు, పని చేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ మధ్య ఎంత చోటుందో కూడా చూస్తారు.

మింగిన మాత్ర నిజానికి ఒక్కసారిగా రక్తంలో కలవదు. పేగు నుంచి రక్తంలోకి ఒక వేగం, రక్తం నుంచి బయటికి మరొక వేగం. ఈ జంట సమీకరణాల సాధన మందుల కోసం పుట్టింది కాదు. ఒక రేడియోధార్మిక మూలకం మరొకటిగా, అది ఇంకొకటిగా మారే గొలుసు కోసం గణితజ్ఞుడు హ్యారీ బేట్‌మన్ 1910లో దాన్ని చేసిపెట్టాడు. యురేనియం క్షయానికీ కడుపులోని మాత్రకూ ఒకే రేఖ! నన్ను ఇప్పటికీ అబ్బురపరిచే సంగతి ఇది. 1937లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు టోర్‌స్టెన్ టియోరెల్ శరీరాన్ని ఒకదానితో ఒకటి కలిసిన గదులుగా ఊహించి, ఒక్కో గదికి ఒక్కో సమీకరణం రాశాడు.

ఆ గదుల ఊహ ఎంత అవసరమో మత్తుమందు థయోపెంటాల్ చూపిస్తుంది. సూది వేసిన నిమిషంలోపే మనిషి నిద్రలోకి జారతాడు, కొద్ది నిమిషాల్లోనే తేరుకుంటాడు. మందు ఒంట్లోంచి పోయిందా? లేదు, చాలాభాగం లోపలే ఉంది. మెదడును విడిచి కండరాల్లోకి తరలింది, అంతే. ఒకే గది ఉందనుకుని లెక్క వేస్తే ఈ మెలకువకు కారణం దొరకదు.

అసలు చిక్కు మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌తో వస్తుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైములకు ఒక హద్దుంది. మందు ఎంత పెరిగినా అవి అంతకు మించి పని చేయలేవు. ఇక్కడ లియోనోర్ మైకేలిస్, మాడ్ మెంటెన్ 1913లో ఎంజైముల కోసం ఇచ్చిన సమీకరణం కావాలి. ఒక రోగి ఎంజైములు రోజుకు గరిష్ఠంగా 500 మిల్లీగ్రాములు తొలగించగలవని, లీటరుకు 4 మిల్లీగ్రాముల గాఢత దగ్గర అవి సగం వేగంతో పని చేస్తాయని అనుకుందాం. రోజుకు 300 ఇస్తే గాఢత లీటరుకు 6 మిల్లీగ్రాముల దగ్గర నిలుస్తుంది. ఈ మందుకు మామూలుగా ఆశించేది 10 నుంచి 20 కాబట్టి అది చాలదు. 400 ఇస్తే 16, సరిపోయింది. మరో 50 పెంచితే? 36! విషలక్షణాలు మొదలయ్యే చోటు. 500కు చేరితే సమీకరణానికి స్థిరస్థాయే లేదు, మందు రోజురోజుకూ పేరుకుంటూనే పోతుంది. పైగా ఈ 500 అనే హద్దు మనిషికీ మనిషికీ మారుతుంది. అందుకే ఫెనిటాయిన్ మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ, రక్తం తీసి గాఢత కొలుస్తారు.