తుపాను నష్టం ఎవరి పద్దులో?

వరదలు, వడగాడ్పులు, నీటి ఎద్దడి తమ వ్యాపారాన్ని ఎంత దెబ్బతీయగలవో పెద్ద కంపెనీలు ఇప్పుడు వార్షిక నివేదికల్లో చెప్పుకోవాల్సి వస్తోంది. ఇంతకుముందు ప్రకృతి వైపరీత్యం అనేసి, బీమా సొమ్ము కోసం కాగితాలు పెట్టుకుని ఊరుకునేవారు.

2011 థాయ్‌లాండ్ వరదలు ఆ ధీమాను దెబ్బతీశాయి. అయుత్థయ చుట్టుపక్కల పారిశ్రామికవాడలు వారాల తరబడి నీళ్లలో నానాయి. హార్డ్ డిస్కులు తయారుచేసే వెస్టర్న్ డిజిటల్ ప్లాంటు కూడా మునిగింది. ప్రపంచమంతా హార్డ్ డిస్కులకు కటకట మొదలై, ధరలు ఎగబాకాయి. సొంత ఫ్యాక్టరీలో చుక్క నీరు చేరకపోయినా, విడిభాగాలిచ్చేవాడు మునిగితే తమ పనీ ఆగుతుందని కంప్యూటర్ కంపెనీలకు తెలిసొచ్చింది.

మనవైపు ఆ వంతు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుతో వచ్చింది. 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను పల్లెల్ని, పొలాల్ని, కొబ్బరి తోటల్ని ఊడ్చేశాయి. హుద్‌హుద్ మాత్రం నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. కరెంటు లేక ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది. బొగ్గును కోక్‌గా మార్చే కొలిములు, అంటే కోక్ ఓవెన్లు, స్విచ్ కట్టి మళ్లీ వేసుకునే రకం కావు. చల్లారితే లోపలి ఇటుక పగుళ్లిస్తుంది. స్తంభాలన్నీ నేలకొరిగిన ఆ అనుభవంతోనే నగరంలో భూగర్భ కేబుళ్ల పని మొదలైంది. అందుకు అప్పు ప్రపంచ బ్యాంకుది. అంటే ఒక్క రోజు గాలివాన బిల్లు ఏళ్ల తరబడి ప్రజల ఖజానాయే కట్టాలి.

మరుసటి ఏడాది సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ లండన్‌లో బీమా పెద్దల ముందు ఈ లెక్కే విప్పారు. తుపాన్ల నష్టం ఒకటి, బాధితులు వేసే దావాలు ఇంకొకటి, బొగ్గు, చమురు ఆస్తుల విలువ ఉన్నట్టుండి పడిపోవడం మూడోది అన్నారు. దావాల సంగతి ఎంత నిజమో కాలిఫోర్నియాలో తేలింది. తన తీగల వల్ల రేగిన కార్చిచ్చుల పరిహారం భారం మోయలేక పీజీ అండ్ ఈ విద్యుత్ కంపెనీ 2019 జనవరిలో దివాలా రక్షణ కోరింది. మన స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021లో పర్యావరణ, సామాజిక బాధ్యతలపై కొత్త నివేదిక నమూనా తెచ్చి, 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో నమోదైన) కంపెనీలకు తప్పనిసరి చేసింది. బ్యాంకులు ఇలాంటి వాతావరణ ముప్పును వెల్లడించడంపై రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలో ముసాయిదా విడుదల చేసింది.

ఈ నిబంధనలేవీ కోస్తా రొయ్యల చెరువు గట్టు దాకా రాలేదు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే తెల్లవారుజామున నీళ్లలో డీఓ (కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. అదే సమయానికి కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగుతాయి, జనరేటర్‌కు డీజిల్ పోయాలి. తుపాను హెచ్చరిక రాగానే అందరూ ఒకేసారి పట్టుబడికి దిగితే, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) రాని సరుకుకు వ్యాపారి చెప్పిందే రేటు. బీమా సంగతి అడగనక్కర్లేదు: 1990లలో తెల్లమచ్చ వైరస్ చెరువుల్ని ఖాళీ చేశాక కంపెనీలు రొయ్యంటేనే జంకాయి. అదే రొయ్యను శుద్ధి చేసి విదేశాలకు పంపే లిస్టెడ్ కంపెనీ నివేదికలో ఇదంతా 'ముడిసరుకు సరఫరాకు ముప్పు' అని ఒక్క వరుసలో సరిపోతుంది. రైతుకేమో చెరువు లీజు, అరువు తెచ్చిన మేత బాకీ అలాగే మిగులుతాయి, వాటికి వడ్డీ తోడవుతుంది.