శుక్లం ముదరాలా? కంటి ఓపీలో రోజూ వినిపించే అపోహలు, వాస్తవాలు

అపోహ: శుక్లం బాగా ముదిరాకే ఆపరేషన్.

ఒకప్పుడు ఇది నిజమే. మసకబారిన కంటి లెన్సును (అదే శుక్లం) మొత్తంగా బయటికి తీసి, కుట్లు వేసి, సోడాబుడ్డి అద్దాలు ఇచ్చిన రోజుల్లో శుక్లం పండితేనే తీయడం తేలిక. ఇప్పుడు ఫేకో పద్ధతిలో రెండు మూడు మిల్లీమీటర్ల కోత పెట్టి, లెన్సును లోపలే అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేస్తారు. ముదిరి గోధుమరంగుకు తిరిగిన శుక్లం రాయిలా ఉంటుంది. దాన్ని పగలగొట్టడానికి వాడే అదనపు శక్తి కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) లోపలి కణాలకు తగులుతుంది. ఆ కణాలు మళ్లీ పుట్టవు. ముదరబెట్టుకుని వచ్చినవాళ్లకు ఆపరేషన్ మర్నాడు చూపు మసకగా ఉండటానికి ఎక్కువసార్లు కారణం ఇదే. అలాంటి కళ్లకు ఆరేడు మిల్లీమీటర్ల కోతతో, కుట్లు లేకుండా చేతితో తీసే పద్ధతే చాలాసార్లు మేలు. అది ‘పాత ఆపరేషన్’ అని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. ఇంకా తాత్సారం చేస్తే లెన్సు ఉబ్బి, కంటిలోపలి నీరు బయటికి పోయే దారిని మూసేయొచ్చు. కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. అప్పుడిక ముహూర్తం చూసుకునే వీలుండదు.

మరి ఎప్పుడు? పేపరు చదవడం, మెట్లు దిగడం, రాత్రి ఎదురు బండి వెలుగులో రోడ్డు చూడటం కష్టమైనప్పుడు. ఆ ఇబ్బందేమీ లేకపోతే, డాక్టరు చూసి తొందర లేదంటే, కొన్ని నెలలు ఆగొచ్చు. ఎండాకాలం, వానాకాలం పట్టింపు లేదు.

ఆపరేషన్ అయ్యాక కొందరు ‘శుక్లం మళ్లీ వచ్చింది’ అంటారు. అది రాదు. ఆపరేషన్‌లో లోపల పెట్టిన కృత్రిమ లెన్సు వెనకాల పలుచటి పొర మసకబారుతుంది. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో దానికి కంత చేస్తారు.

అపోహ: నీటికాసులకూ (గ్లకోమా) ఆపరేషన్ చేస్తే పోయిన చూపు వస్తుంది.

రాదు. శుక్లంలో చెడేది లెన్సు, దాన్ని మార్చగలం. నీటికాసుల్లో చచ్చేది కంటి నరం. చుక్కల మందైనా, లేజరైనా, ఆపరేషనైనా మిగిలిన చూపును నిలబెట్టడానికే. చుక్కలు వేసినా చూపులో తేడా కనిపించదు కాబట్టి ‘ఈ మందు పనిచేయట్లేదు’ అని మానేస్తారు. అసలు దెబ్బ అక్కడే.

మామూలుగా కంటి ప్రెషర్ 10 నుంచి 21 మధ్య ఉండాలంటాం. కానీ 16 ఉన్నా కొందరిలో నరం దెబ్బతింటుంది. అందుకే ప్రెషర్ ఒక్కటే చూసి పంపరు, నరాన్ని చూసి ఫీల్డ్ టెస్టు (పక్కచూపు ఎంతవరకు ఉందో చూసే పరీక్ష) కూడా చేస్తారు. అన్నకో అక్కకో ఉంటే మిగతా తోబుట్టువులంతా చూపించుకోవాలి.

చుక్క వేయడంలోనూ తప్పులు జరుగుతాయి. కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేయండి. కన్ను అంతకంటే పట్టదు, రెండోది చెంప మీదికే. కళ్లు మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కితే మందు గొంతులోకి జారదు. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగండి. ఆయాసం, ఆస్తమా ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. టిమోలాల్ లాంటి చుక్కలు వాళ్లకు ప్రమాదం.

అపోహ: కన్ను ఎర్రబడితే మెడికల్ షాపు చుక్కలు చాలు.

నూర్పిళ్లప్పుడు వడ్లగింజ తగిలిన కంట్లో ఫంగస్ పడొచ్చు. షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కతో ఎరుపు, నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల పుండు లోతుకు పోతుంది. ఆకు పసరు, తల్లిపాలు, ఆముదం పోస్తే కొత్త క్రిములను చేర్చినట్టే. ఆసుపత్రిలో పుండును గీరి, స్లైడ్ మీద చూసి, ఫంగస్ అని తేలితే నాటామైసిన్ 5 శాతం చుక్కలు మొదట్లో గంటగంటకూ వేయిస్తారు. సీసా కుదిపి వేయాలి, లేకపోతే మందు అడుగునే ఉండిపోతుంది. వారాలు పడుతుంది, మానినా పువ్వు (తెల్లమచ్చ) మిగలొచ్చు. ఏటా ఎండాకాలంలో కళ్లు దురదపెట్టే పిల్లలకు పాత చీటీ చూపించి అదే స్టెరాయిడ్ చుక్క కొంటూ పోతే నీటికాసులు, శుక్లం చిన్నప్పుడే రావొచ్చు.

సున్నం పడితే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తేముందే శుభ్రమైన నీళ్లతో అరగంట కడగాలి. తర్వాతే ఆటో.

అపోహ: చూపు బాగుంది, షుగర్ కంటికి రాలేదు.

6/6 చూపు (పూర్తి చూపు) ఉన్నా రెటీనాలో (కంటి వెనక తెరలో) రక్తం చిమ్మి ఉండొచ్చు. టైప్ 2 షుగర్ తేలినప్పుడే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూడాలి. చుక్కలు పనిచేయడానికి అరగంట, మసక తగ్గడానికి నాలుగైదు గంటలు. బండి నడుపుకుంటూ రాకండి.

అపోహ: మెల్లకన్ను అదృష్టం, పెద్దయ్యాక సరవుతుంది.

మెల్ల ఉన్న కన్నును మెదడు వాడటం మానేస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటేకొద్దీ దాన్ని తిరిగి పనిలో పెట్టడం కష్టం. ముందు అద్దాలు, అవసరమైతే బాగున్న కంటికి రోజూ డాక్టరు చెప్పినన్ని గంటలు ప్యాచ్. ప్యాచ్ అద్దానికి కాదు, చర్మానికి అతికించండి. అద్దానికి అంటిస్తే పిల్లలు పక్క సందులోంచి చూసేస్తారు.