స్క్వాష్‌కి పచ్చిగా చెక్కు తీయకండి: అపోహలు - వాస్తవాలు

అపోహ: బటర్‌నట్ స్క్వాష్ వండాలంటే ముందు చెక్కు తీసి ముక్కలు కోసుకోవాలి.

అమెరికాలో మనవాళ్లకి వంట నేర్పేటప్పుడు ఏటా అక్టోబరు రాగానే వినపడే మాట ఇది. బటర్‌నట్ మన తీపి గుమ్మడికి తోబుట్టువే, కానీ పచ్చిగా రాయిలా ఉంటుంది. నున్నటి కాయ బల్ల మీద దొర్లుతుంది, కత్తి జారి అరచేతిలో దిగుతుంది. దెబ్బ తగలకపోయినా, పచ్చి కాయ జిగురు వేళ్ల మీద ఆరి చర్మం బిగుసుకుని పొరలు ఊడుతుంది. అది చూసి హడలిపోతారు పాపం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. బొబ్బలో వాపో వస్తే మాత్రం డాక్టరుకి చూపించాలి.

వాస్తవం: కాయను అలాగే ఉడకనిస్తే చెక్కు చేత్తోనే ఊడొస్తుంది.

కిలో బరువున్న కాయ తీసుకుని కడిగి, కత్తి మొనతో చుట్టూ ఎనిమిది పది చోట్ల లోతుగా గాట్లు పెట్టండి. ఈ పని మానొద్దు. గాట్లు లేకపోతే లోపలి ఆవిరికి దారిలేక కాయ పేలొచ్చు. ట్రేలో పెట్టి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్ (200 సెల్సియస్) ఓవెన్‌లో గంట నుంచి గంటంబావు ఉంచండి. ఉడికిందో లేదో బొడ్డు దగ్గర కాదు, మెడ దగ్గర చూడాలి. అక్కడ గింజల గుల్ల లేదు, అంతా గట్టి గుజ్జే, అందుకని అది ఆఖరున మెత్తబడుతుంది. కత్తి వెన్నలోకి దిగినట్టు దిగాలి. పావుగంట ఆరనిచ్చి నిలువునా చీల్చండి, లేకపోతే ఆవిరి ముఖానికి కొడుతుంది. గింజలు, పీచు చెంచాతో తీసేస్తే గుజ్జు చేతికొస్తుంది.

ఓవెన్ లేకపోతే, గాట్లు పెట్టిన కాయను మైక్రోవేవ్‌లో మూడు నాలుగు నిమిషాలు వేడి చేయండి. పై చెక్కు మెత్తబడి కత్తి తేలిగ్గా దిగుతుంది. పెద్ద ముక్కలు చేసి, కుక్కర్‌లో ఒకటిన్నర కప్పు నీళ్ల పైన చిల్లుల పళ్లెంలో పెట్టి రెండు విజిళ్లు రానివ్వండి. ముక్కలు నీళ్లలో మునగకూడదు. అసలే నీరెక్కువ ఉన్న కాయ, నీళ్లలో ఉడికిస్తే చప్పబడి జావైపోతుంది.

ఈ గుజ్జుతో ఆవపెట్టిన కూర పది నిమిషాల పని. మూడు కప్పుల గుజ్జుని మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో వేసి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క కలిపి చెమ్మ ఇగిరేదాకా ఉంచండి. దించాకే, చెంచాడు ఆవాలు నూరిన ముద్ద కలపండి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోతుంది. పులుసుకి మాత్రం ఈ గుజ్జు వద్దు, విడిపోతుంది. మైక్రోవేవ్‌లో వేడి చేసి చెక్కు తీసిన ముక్కలే చింతపండు రసంలో వేయండి. పులుపుకి ముక్క విడవకుండా నిలబడుతుంది.

మిగతావి గబగబా. బటర్‌నట్ లాంటివాటిని వింటర్ స్క్వాష్ అంటారు, అంటే చలికాలంలో పండేది కాదు, ముదిరి చెక్కు గట్టిపడి చలికాలమంతా నిలవుండేది. అందుకే కోయని కాయను ఫ్రిజ్‌లో పెట్టొద్దు, అతి చల్లదనానికి లోపల పాడవుతుంది. కోసిన ముక్క మూతపెట్టి ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. కొనేటప్పుడు గోరు గుచ్చితే దిగకూడదు, తొడిమ ఎండి ఊడకుండా ఉండాలి. డెలికాటా, కబోచా రకాలకి అసలు చెక్కే తీయక్కర్లేదు, ఉడికాక అదీ తినొచ్చు.

ఒక్క పుకారు మాత్రం వదలకూడదు: ‘చేదుగా ఉంటే ఉప్పులో నానబెడితే పోతుంది, బెల్లం వేస్తే సరిపోతుంది’ అని. పోదు. ఆ చేదు కుకుర్బిటసిన్ అనే విషపదార్థానిది, ఎంత ఉడికినా విరగదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వండే ముందు చిటికెడు పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, నోరు పుక్కిలించి, కాయంతా చెత్తలో వేయండి.