నల్ల లాబ్రడార్ జంటకి పసుపు పిల్లలు

మల్కాజ్‌గిరి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్లింట్లో నల్ల ఆడ లాబ్రడార్ ఉంది. ఉప్పల్‌లో తెలిసినవాళ్ల నల్ల మగ లాబ్‌తో క్రాసింగ్ చేయించారు. తొమ్మిది పిల్లలు పుట్టాయి. ఆరు నలుపు, మూడు పసుపు. మగకుక్క వాళ్లకి ఒక పిల్లని ఇవ్వాలని ముందే అనుకున్నారు. వాళ్లు చూడ్డానికి వచ్చి, "పసుపువి మావాడి పిల్లలు కావు, మీరే కుక్కని సరిగ్గా కట్టేసుకోలేదు" అనేసి వెళ్లిపోయారట. ఇంట్లో అత్తగారికి కూడా వీధి చివరుండే ఎర్ర కుక్క మీద అనుమానం. అసలు సంగతేమిటో చెప్పండి అని అడిగారు. అదే ఉత్తరంలో ఇంకో ప్రశ్న కూడా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందుగా జవాబు: ఆ పసుపు పిల్లలు ఉప్పల్ కుక్కవే అయ్యుంటాయి. మీ కుక్క తప్పేమీ లేదు. ఆ మూడూ పుట్టబట్టే ఆ రెండు నల్ల కుక్కల లోపల ఏం దాగుందో బయటపడింది. నాకు ఈ విషయమంటే చెప్పలేనంత ఇష్టం, కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను.

కుక్క బొచ్చులో రంగు పదార్థాలు రెండే రకాలు. ముదురుది యూమెలనిన్, పసుపు-ఎరుపుది ఫియోమెలనిన్. లాబ్రడార్‌లో నలుపు, చాక్లెట్, పసుపు అనే మూడు రంగుల్నీ ముఖ్యంగా రెండు జీన్లు తేలుస్తాయి. మేడ మీద నీళ్ల ట్యాంకు, కింద కుళాయి ఉన్నాయనుకోండి. ట్యాంకులో ఉన్నది నలుపా, గోధుమ రంగా అన్నది టీవైఆర్‌పీ1 అనే జీన్ పని. అది బాగుంటే యూమెలనిన్ పూర్తిగా తయారై నల్లగా ఉంటుంది. పాడైతే గోధుమ రంగు దగ్గరే ఆగిపోతుంది. అదే చాక్లెట్. ఆ రంగుని బొచ్చులోకి వదిలే కుళాయి ఎంసీ1ఆర్ అనే జీన్. కుళాయి పనిచేయకపోతే ట్యాంకులో ఏ రంగున్నా బొచ్చుకి చేరదు, పసుపే మిగులుతుంది.

ప్రతి కుక్కకీ కుళాయిలు రెండు, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రెండిట్లో ఒకటి పనిచేసినా రంగు ధారాళంగా వస్తుంది. కాబట్టి ఒక మంచి కుళాయి, ఒక పాడైన కుళాయి ఉన్న కుక్క కూడా నిగనిగలాడే నలుపే. రెండూ మంచివే ఉన్న కుక్క పక్కన నిలబెడితే ఎవరూ తేడా చెప్పలేరు. మీ ఆడకుక్కా, ఉప్పల్ మగకుక్కా రెండూ ఇలాంటివే. తల్లి నుంచి పాడైనది, తండ్రి నుంచీ పాడైనదే అందుకున్న పిల్లలు మూడు. ఆ కుళాయి పాడవడం కూడా విచిత్రమే. జీన్‌లో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్ 306వ మెట్టు దగ్గర "ఇక్కడితో ఆపు" అనే సంకేతం పడుతుంది. చివర కొస కొంచెం తెగిపోతుంది. అంతే, కుళాయి పనికిరాదు.

ఇప్పుడు ముక్కు చూడండి. ముక్కు చర్మానికి రంగు ట్యాంకు నుంచి వేరే పైపులో వస్తుంది, ఈ కుళాయితో దానికి పని లేదు. అందుకే పసుపు లాబ్‌కి కూడా ముక్కు నల్లగా ఉంటుంది. పసుపు పిల్లలకి పుట్టినప్పుడు ముక్కు గులాబీ రంగులో ఉండి, తర్వాత చుక్కలు చుక్కలుగా నలుపెక్కుతుంది. వారాలు గడిచినా నలుపెక్కకుండా గోధుమ రంగుకి తిరిగిందంటే ఆ పిల్ల ట్యాంకులో ఉన్నది చాక్లెట్ అన్నమాట. అంటే తల్లీ తండ్రీ ఇద్దరూ చాక్లెట్‌ని కూడా దాచుకున్నారని తేలుతుంది. ఇలా రెండు రకాల లోపాల్నీ తల్లీ తండ్రీ ఇద్దరూ దాచుకున్న నల్ల జంటకి పదహారు పిల్లల లెక్కన సగటున తొమ్మిది నలుపు, మూడు చాక్లెట్, నాలుగు పసుపు వస్తాయి. ఆ నాలుగు పసుపులో ఒకదానికి గోధుమ ముక్కు.

మరి వీధి కుక్క సంగతి? ఇక్కడ నాకు భలే నచ్చే మలుపు ఒకటుంది. లాబ్రడార్లలో కుళాయిని ఎప్పుడూ తెరిచే ఉంచే మూడో జీన్ ఒకటుంది. బీటా-డిఫెన్సిన్ అనే ప్రోటీన్‌ని చేసే జీన్ అది. ఎర్ర కుక్కల్లో చాలావాటికి కుళాయిలు బాగానే ఉంటాయి, వేరే జీన్ వాటిని కట్టేస్తుంటుంది. అలాంటి కుక్కతో లాబ్ కలిస్తే పిల్లలకి తండ్రి నుంచి మంచి కుళాయి, తల్లి నుంచి దాన్ని తెరిచి ఉంచే జీన్ అందుతాయి. పిల్లలు నల్లగా పుడతాయి! అంటే ఆ ఎర్ర కుక్కే తండ్రి అయితే అనుమానించాల్సింది నల్ల పిల్లల్ని. అదే పసుపు తల్లికి, పసుపు తండ్రికి నల్ల పిల్ల పుట్టిందంటే మాత్రం గొడవ పడొచ్చు. మంచి కుళాయి వాళ్లిద్దరి దగ్గరా లేదు కదా, బయటి నుంచే వచ్చి ఉండాలి.

ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం కుక్కల్లో నిజంగానే జరుగుతుంది. కాబట్టి ఉప్పల్ వాళ్ల మనసు ఇంకా కుదుటపడకపోతే డీఎన్ఏ పరీక్ష ఉంది. మన దేశంలో ఆ విద్యని నిలబెట్టింది మీ రెండిళ్లకీ దగ్గర్లోనే, హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్.

"మా కుక్కకి పోయిన ఈతలో ఎనిమిదీ నలుపే, కాబట్టి అది ప్యూర్ బ్లాక్" అని చెప్పేవాళ్లు ఉంటారు. లెక్క వేద్దాం. లోపం దాచుకున్న జంటకి ఒక్కో పిల్ల పసుపు కాకుండా ఉండే అవకాశం నాలుగింట మూడు. ఎనిమిదింట్లో ఏదీ పసుపు కాకపోయే అవకాశం ఆ మూడు పాతికల్ని ఎనిమిదిసార్లు హెచ్చిస్తే వచ్చేది. అది సరిగ్గా పది శాతం దగ్గర తేలుతుంది. అంటే అలాంటి పది జంటల్లో ఒకటి మొత్తం నల్ల పిల్లలనే పెట్టి యజమానిని మురిపిస్తుంది. మన బళ్లలో మెండెల్ బఠానీలు, 3:1 అని బట్టీ పట్టిస్తారు, పిల్లలకి రెండు నాణేలిచ్చి ఎగరేయమని మాత్రం చెప్పరు. నాలుగు పిల్లలు పుడితే ఒకటి కచ్చితంగా పసుపు అని నమ్మే పెద్దలు తయారవుతున్నది అక్కడే.

ఇంకో నమ్మకం గురించి కూడా చెప్పాలి. ఆడ కుక్క ఒక్కసారి వీధి కుక్కతో కలిస్తే ఇక జన్మంతా దాని పిల్లల్లో ఆ పోలిక వస్తుందని, అది "పాడైపోయిందని" చాలామంది గట్టిగా నమ్ముతారు. ఇది మన దగ్గరే కాదు, డార్విన్ కూడా నమ్మాడు. ఒక ఆడ గుర్రాన్ని జీబ్రా జాతికి చెందిన క్వాగాతో కలిపాక, తర్వాత మామూలు గుర్రానికి పుట్టిన పిల్లల మీదా చారలు కనిపించాయని మోర్టన్ ప్రభువు 1820ల్లో చెప్పిన కథ అందుకు ఆధారం. 1890ల్లో స్కాట్లండ్‌లో జేమ్స్ కోసార్ యూవర్ట్ అనే జంతుశాస్త్రవేత్త జీబ్రాలతో, గుర్రాలతో ఓపిగ్గా పరీక్షించి చూశాడు. చారలు జీబ్రా వల్ల రాలేదు, గుర్రాలకి మామూలుగానే అప్పుడప్పుడూ వస్తాయి. ఒక ఈతకి తండ్రి ఎవరో, ఆ పిల్లలకే తండ్రి. ఈ ఒక్క మూఢనమ్మకం వల్ల ఎన్ని మంచి కుక్కల్ని వదిలించుకున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

పసుపు పిల్లల మీద చిన్నచూపు ఇంగ్లండ్‌లోనూ ఉండేది. న్యూఫౌండ్‌లాండ్ నుంచి జాలర్ల కుక్కల్ని తెచ్చుకుని, కొట్టిన బాతుల్ని నీళ్లలోంచి మోసుకొచ్చే వేట సహాయకులుగా మలుచుకున్న పెద్దింటి వాళ్లకి నలుపే కావాలి. రిజిస్టరైన మొదటి పసుపు లాబ్‌గా చెప్పుకునే బెన్ ఆఫ్ హైడ్ 1899లో పుట్టింది. దాని తల్లిదండ్రులూ నలుపే!

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరం. కాబట్టి ఆ మోసుకొచ్చే పట్టుదల ఇప్పుడు హైదరాబాద్‌లో బంతి ఆటకీ, మొయినాబాద్‌లో పోలీసు జాగిలాల శిక్షణకీ ఉపయోగపడుతోంది. కానీ వేటలో ఒక సుగుణం ఉండేది. చూపు తగ్గినదీ, పరుగులో కూలబడేదీ అక్కడే దొరికిపోయేది, దానితో పిల్లలు పెట్టించేవారు కాదు. ఫ్లాట్‌లో సోఫా పక్కన పెరిగే కుక్కకి ఆ పరీక్ష లేదు. అయితే ఒక జీన్‌కి ఉండే రెండు ప్రతుల్లో (నకళ్లలో) ఒక్కటే పాడైన కుక్కని వేట కూడా పట్టుకోలేదు.

నేను రంగు గురించి ఇంత చెప్పింది ఇందుకే. లాబ్రడార్‌లో కంటి జబ్బు ఒకటుంది, పీఆర్‌సీడీ జీన్‌లో ఒక్క అక్షరం మారితే వచ్చేది. రెండు ప్రతులూ పాడైతే ముందు రాత్రి చూపు, తర్వాత మొత్తం చూపు పోతుంది. సాధారణంగా నాలుగైదేళ్లు దాటాక గానీ తెలియదు, అప్పటికి దానికే రెండు మూడు ఈతలు అయిపోయి ఉంటాయి. ఇంకోటి డైనమిన్-1 జీన్ లోపం. గట్టిగా పరుగెత్తించిన పది నిమిషాల్లో వెనక కాళ్లు తడబడి కుక్క కూలబడుతుంది, మే నెల ఎండలో అయితే ప్రాణం మీదికే వస్తుంది. రెండూ పసుపు రంగు లెక్క ప్రకారమే నడుస్తాయి. తేడా ఒక్కటే, పసుపు పుట్టగానే కనిపిస్తుంది.

తుంటి కీలు జబ్బు లెక్క వేరు, ఎన్నో జీన్లు కలిసి పనిచేస్తాయి, రెండేళ్లు నిండాక ఎక్స్‌రే తీయాల్సిందే. చాక్లెట్ మోజులో ఉన్నవాళ్లు మాత్రం ఇది వినాలి. బ్రిటన్ లాబ్రడార్ల మీద 2018లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో మిగతా రంగులవాటి మధ్యస్థ ఆయుష్షు 12.1 ఏళ్లుంటే, చాక్లెట్‌వాటిది 10.7. రంగు కోసం చిన్న గుంపులోనే జంటలు కట్టడం ఒక కారణం కావచ్చంటారు.

ఇక రెండో ప్రశ్న. పిల్లల్లో ఒక మగ, ఒక ఆడ అట్టిపెట్టుకుని, పెద్దయ్యాక వాటికే పిల్లలు పుట్టించవచ్చా అని అడిగారు. వద్దు. తల్లి దగ్గర పీఆర్‌సీడీ లోపం ఒక ప్రతి ఉందనుకుందాం, తండ్రి దగ్గర లేదు. అన్నకీ చెల్లికీ అది అందే అవకాశం చెరి సగం, ఇద్దరికీ అందడం నాలుగింట ఒకటి, అప్పుడు వాళ్ల పిల్లకి రెండు ప్రతులూ చేరడం మళ్లీ నాలుగింట ఒకటి. మొత్తం పదహారింట ఒకటి. బయటి మగకుక్కల్లో పదింట ఒకటి ఆ లోపాన్ని మోస్తోందనుకున్నా, చెల్లిని బయట ఇస్తే ఆ ప్రమాదం ఎనభైలో ఒకటి. ఇది ఒక్క లోపానికి. మనకి పేరు తెలియని లోపాలు ఇంకా ఎన్నో ఉంటాయి, ప్రతిదానికీ ఇదే హెచ్చింపు. ఒక జీన్ రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి చేరే అవకాశానికి సీవల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త 1922లో ఇచ్చిన కొలత ప్రకారం మన ఇళ్లలో బావా మరదళ్ల మేనరికం పిల్లలకి 6.25 శాతం, మేనమామ-మేనకోడలు పెళ్లిలో 12.5 శాతం, ఒకే తల్లీతండ్రుల కుక్కపిల్లల జంటకి పుట్టేవాటికి 25 శాతం. మేనరికాల గురించి డాక్టర్లు ఎందుకు హెచ్చరిస్తారో తెలిసిన ఇంట్లో, కుక్కల దగ్గరికొచ్చేసరికి "లైన్ ప్యూర్‌గా ఉంటుంది" అని దాన్నే గొప్పగా చెప్పుకోవడం నాకు మింగుడుపడదు.

మళ్లీ క్రాసింగ్ ఆలోచన ఉంటే ముందు తల్లి చెంప లోపల దూదిపుల్లతో రుద్ది ఆ రెండు జీన్లకీ డీఎన్ఏ పరీక్ష చేయించండి. రిపోర్ట్‌లో క్లియర్ (పాడైన ప్రతి అసలే లేదు) అని వస్తే ఆ జబ్బుల విషయంలో మగకుక్క ఎలాంటిదైనా పిల్లలకి ముప్పు లేదు. క్యారియర్ (పాడైన ప్రతి ఒకటి ఉంది) అని వస్తే టెన్షన్ పడి దాన్ని పక్కన పెట్టేయనక్కర్లేదు, దాని కళ్లకీ కాళ్లకీ ఏమీ కాదు. మగకుక్క మాత్రం క్లియర్ రిపోర్ట్ ఉన్నదే కావాలి, కాగితం చూపించమని నిర్మొహమాటంగా అడగండి. అప్పుడు పుట్టే పిల్లల్లో సగటున సగం క్యారియర్లవుతాయి, ఆ జబ్బు మాత్రం ఏ ఒక్కదానికీ రాదు. వాటిని తీసుకెళ్లే వాళ్లకి ఆ రిపోర్ట్ నకలు కూడా ఇవ్వండి.